చూస్తే అర్థమవుతుంది, రాయమంటే రాదు: ప్రోగ్రామింగ్ చదువులో ఉదాహరణలకు, సాధనకు మధ్య తేడా

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో ఏ విద్యార్థిని కదిపినా తరచూ వినిపించే మాట ఒకటి ఉంది: "ప్రోగ్రామ్ చూస్తే అర్థమవుతోంది సార్, సొంతంగా రాయమంటే లాజిక్ తట్టడం లేదు." దీనికి సీనియర్లు, అధ్యాపకులు, కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పేవారు ఇచ్చే సలహాలు రెండు దారుల్లో సాగుతాయి. ఈత రావాలంటే నీళ్లలోకి దిగాల్సిందే కాబట్టి పుస్తకం మూసేసి రోజూ సొంతంగా ప్రాబ్లమ్స్ చేయమని కొందరు అంటారు. ముందు మంచి ప్రోగ్రాములు బాగా చదివితే రాయడం దానంతట అదే అలవడుతుందని మరికొందరు అంటారు. రెండు మాటలూ అనుభవం ఉన్నవారు చెప్పేవే, తమకు పనికొచ్చినదే వారు చెబుతారు. అయితే తాము నేర్చుకోవడం మొదలుపెట్టిన రోజున తమకు ఏం తెలుసో, ఏం తెలియదో వారికి ఇప్పుడు గుర్తుండదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ వివాదాన్ని విద్యా మనస్తత్వ శాస్త్రం నలభై ఏళ్లుగా ప్రయోగాలతో పరీక్షిస్తూ వచ్చింది. ఆ ప్రయోగాల్లో కొన్ని బీజగణితం మీద, కొన్ని భౌతికశాస్త్రం మీద, చాలానే నేరుగా ప్రోగ్రామింగ్ మీద జరిగాయి. వాటిని ఒకచోట పెట్టి చూస్తే తేలేది ఏమిటంటే, ఉదాహరణ మంచిదా సాధన మంచిదా అన్న ప్రశ్నకు జవాబు నేర్చుకునే మనిషికి అప్పటికే తెలిసినదాన్ని బట్టి మారిపోతుంది. పైగా ఉదాహరణ ఎంత మంచిదైనా, చదివే మనిషి దానితో ఏం చేస్తాడన్నదాన్ని బట్టే దాని ఫలితం ఉంటుంది. మన కళాశాలల్లో ల్యాబ్ రికార్డు పేరుతో జరుగుతున్న పని ఈ రెండు పద్ధతుల్లో దేని కిందికీ రాదని నా నిశ్చితాభిప్రాయం. ఆ మాటకు కారణాలు చెప్పాలంటే ముందు కొత్తగా నేర్చుకునేవారి మీద పడే భారం ఎలాంటిదో చూడాలి.

కొత్తవారి మీద పడే భారం

1980లలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఇలియట్ సొలోవే, ఆయన సహచరులు ప్రోగ్రామింగ్ విద్యార్థులకు ఇచ్చిన ఒక లెక్క తర్వాతి కాలంలో ఈ రంగంలోని పరిశోధకులందరికీ సుపరిచితమైంది. రోజువారీ వర్షపాతాన్ని తెలిపే సంఖ్యలను ఒక్కొక్కటిగా తీసుకుంటూ పోవాలి, 99999 అనే సంఖ్య రాగానే ఆపాలి, అప్పటివరకు వచ్చినవాటి సగటు చెప్పాలి. చేయి తిరిగినవారికి ఇది కొద్ది నిమిషాల పని. ప్రోగ్రామింగ్ కోర్సులో చాలా దూరం వచ్చిన విద్యార్థుల్లో కూడా ఎంతోమంది దీన్ని తప్పుగా రాశారు.

ఎందుకు తప్పుతుందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఇందులో నిజానికి నాలుగు చిన్న పనులు దాగి ఉన్నాయి: వచ్చిన సంఖ్యలను కూడుతూ పోవడం, ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం, ఆపమనే గుర్తును పట్టుకోవడం, చివర భాగించడం. విడివిడిగా ఏదీ కష్టం కాదు. కష్టమల్లా వాటిని ఒకే లూప్‌లో, అంటే మళ్లీ మళ్లీ నడిచే లైన్ల గుంపులో, ఒకదాని పక్కన ఒకటి సరైన వరుసలో ఇమడ్చడంలో ఉంది. మొదటి సంఖ్యను లూప్‌కు ముందే చదవాలా, లోపల చదవాలా? ఆపే గుర్తును కూడికకు ముందు పరీక్షించాలా, తర్వాతా? 12, 0, 18 అనే మూడు రోజుల వర్షపాతం ఇచ్చి 99999 కొడితే సగటు 10 రావాలి. పరీక్షకు ముందే కూడిక జరిగిపోతే 99999 కూడా వానలో కలిసిపోయి, రోజులు నాలుగై, సగటు 25007.25 అవుతుంది. వాన పడని రోజును లెక్కలో వదిలేసిన విద్యార్థికి 15 వస్తుంది. మొట్టమొదటే 99999 ఇస్తే సున్నాతో భాగించబోయి ప్రోగ్రామ్ కూలిపోతుంది. ఇవన్నీ ఆలోచిస్తున్న సమయంలోనే సెమికోలన్ ఎక్కడ పెట్టాలి, సి భాషలో ఇన్‌పుట్ చదివే స్కాన్‌ఎఫ్‌లో ఆంపర్సండ్ గుర్తు మరిచిపోయామా, పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశ భాగం ఎగిరిపోతుందన్న నియమం ఏమిటి అన్నవి కూడా అదే బుర్రలో చోటు అడుగుతుంటాయి.

ఆ చోటు చాలా తక్కువ. మనిషి ఒక్కసారిగా మనసులో నిలుపుకోగల విడి అంశాలు ఏడుకు అటూఇటుగా ఉంటాయని జార్జ్ మిల్లర్ 1956లో చెప్పారు. ఆ తర్వాతి పరిశోధనలను సమీక్షించిన నెల్సన్ కోవన్ 2001లో ఆ సంఖ్యను నాలుగు దగ్గరికి తగ్గించారు. వర్షపాతం లెక్కలోని నాలుగు పనులతోనే ఆ చోటు నిండిపోతుంది, సెమికోలన్ల లాంటి రాత నియమాలకు, అంటే సింటాక్స్‌కు, ఇక తావు ఉండదు. అయితే నిపుణుల బుర్రలోనూ ఉన్న చోటు అంతే కదా, వారికి ఇది ఎలా తేలికవుతోంది?

దీనికి జవాబు చదరంగం నుంచి వచ్చింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ 1973లో ప్రచురించిన అధ్యయనంలో నిజమైన ఆట మధ్యలోని బల్లను ఐదు సెకన్లు చూపించి, పావులను గుర్తున్న చోట పెట్టమన్నారు. ఆటలో ఆరితేరినవారు కొత్తవారికంటే ఎంతో ఎక్కువ పావులను సరిగ్గా పెట్టారు. పావులను ఇష్టం వచ్చినట్టు చెల్లాచెదరుగా పేర్చి చూపిస్తే ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. వారి జ్ఞాపకశక్తి గొప్పదేమీ కాదు, వారికి తెలిసిన అమరికలు ఎక్కువ. 1981లో క్యాథరిన్ మెక్‌కీథెన్ బృందం ఇదే పరీక్షను ప్రోగ్రామర్ల మీద జరిపింది. సక్రమంగా ఉన్న ప్రోగ్రామ్‌ను నిపుణులు బాగా గుర్తుపెట్టుకున్నారు, అవే లైన్లను తారుమారు చేసి చూపిస్తే వారూ కొత్తవారి స్థాయికే దిగిపోయారు. వర్షపాతం లెక్కను చూడగానే అనుభవజ్ఞుడికి "గుర్తు వచ్చేదాకా చదువుతూ సగటు తీయడం" అనే ఒకే ఒక్క అమరిక కనిపిస్తుంది. కొత్తవారికి అక్కడ పన్నెండు విడి లైన్లు ఉంటాయి. లాజిక్ తట్టకపోవడమంటే తెలివి లేకపోవడం కాదు, తట్టడానికి కావలసిన అమరికలు ఇంకా పోగుపడకపోవడం.

మూడుతో గుణించు, 69 తీసేయి

మరి ఆ అమరికలు పోగుపడాలంటే లెక్కలు చేస్తూ పోతే చాలదా? చాలదేమోనన్న అనుమానం మొదట ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ స్వెలర్‌కు కలిగింది. 1980ల మొదట్లో ఆయన, ఆయన సహచరులు విద్యార్థులకు ఒక అంకెల ఆట ఇచ్చారు. ఒక సంఖ్య నుంచి మరో సంఖ్యకు చేరాలి, అనుమతి ఉన్న ఎత్తులు రెండే: మూడుతో గుణించడం, 69 తీసివేయడం. ఉదాహరణకు 31 నుంచి 3కు వెళ్లాలంటే 31 మూడింతలై 93 అవుతుంది, 69 తీసేస్తే 24, దాన్ని మూడింతలు చేస్తే 72, మళ్లీ 69 తీసేస్తే 3. ఇచ్చిన లెక్కలన్నిటికీ సూత్రం ఒక్కటే, ఒకసారి గుణించడం, ఒకసారి తీసేయడం, మళ్లీ అదే వరుస. విద్యార్థులు లెక్కలన్నీ చేయగలిగారు. కానీ ఆ సూత్రాన్ని పసిగట్టినవారు బహు కొద్దిమంది.

ఈ ఫలితం మామూలు నమ్మకానికి పూర్తిగా ఎదురు నిలుస్తుంది. లెక్క చేయగలగడం, లెక్క నుంచి నేర్చుకోవడం రెండూ వేర్వేరు పనులని ఇది చూపించింది. గమ్యం మీదే చూపు పెట్టి, ఇక్కడి నుంచి అక్కడికి ఇంకెంత దూరం ఉంది, దాన్ని తగ్గించే ఎత్తు ఏది అని వెతికే మనిషికి ఆ వెతుకులాటతోనే బుర్ర నిండిపోతుంది. నడిచిన దారిని వెనక్కి తిరిగి చూసి ఇందులో ఉన్న వరస ఏమిటని గమనించే తీరిక మిగలదు. ప్రోగ్రామింగ్‌లో దీని రూపం అందరికీ తెలిసినదే. లూప్‌లో కండిషన్‌ను "తక్కువ" అని రాసి చూస్తారు, తప్పు వస్తే "తక్కువ లేదా సమానం" అని మార్చి చూస్తారు, ఒకటి కలిపి చూస్తారు, ఒకటి తీసి చూస్తారు, చివరికి సరైన అవుట్‌పుట్ వస్తుంది. ఎందుకు వచ్చిందో తెలియదు. అదే లెక్కను వారం తర్వాత ఇస్తే మళ్లీ అదే వెతుకులాట.

స్వెలర్, గ్రాహం కూపర్ కలిసి 1985లో బీజగణితం మీద చేసిన ప్రయోగాల్లో ఒక జట్టుకు లెక్కలన్నీ సొంతంగా చేయమని ఇచ్చి, మరో జట్టుకు చేసి చూపించిన లెక్కతో పాటు అలాంటిదే ఒకటి చేయమని జతలుగా ఇచ్చారు. చేసి చూపించిన లెక్కలు చదివినవారు తక్కువ సమయంలో నేర్చుకున్నారు, తర్వాత పరీక్షలో అలాంటి లెక్కల్లో తక్కువ తప్పులు చేశారు. రూపం మారిన లెక్కల దగ్గర మాత్రం ఆ మొదటి ప్రయోగాల్లో అంత లాభం కనిపించలేదు. ఉదాహరణలను సమర్థించేవారు ఈ రెండో సగాన్ని తరచూ వదిలేస్తారు, అది వదిలేయదగ్గ విషయం కాదు.

చదవడం అంటే ఏమిటి

ఇంతవరకు చదివినవారు మన విద్యార్థులు మరి ఉదాహరణలే కదా చూస్తున్నది, వీడియోల్లో చూస్తున్నారు, నోట్స్‌లో రాసుకుంటున్నారు, రికార్డులో ఎక్కిస్తున్నారు, అయినా ఎందుకు రావడం లేదని అడగవచ్చు. ఇది చాలా న్యాయమైన ప్రశ్న. ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న కూడా ఇదే.

మిషెలీన్ చీ, ఆమె సహచరులు 1989లో ప్రచురించిన అధ్యయనంలో భౌతికశాస్త్ర పుస్తకంలోని చేసి చూపించిన లెక్కలను విద్యార్థులకు ఇచ్చి, చదువుతున్నప్పుడు మనసులో వచ్చినదంతా పైకి చెప్పమన్నారు. అందరికీ అవే ఉదాహరణలు. తర్వాత లెక్కలు బాగా చేసినవారు చదివేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ఈ బలం ఇక్కడ ఎందుకు వచ్చింది, ఆ సమీకరణం ఏ సూత్రం నుంచి పుట్టింది అని తమకు తామే వివరించుకున్నారు. ఇక్కడ నాకు అర్థం కాలేదని తరచుగా గుర్తించినవారూ వారే. బాగా చేయలేనివారు ఎక్కువగా లైన్లను మళ్లీ చదివారు, లేదా తమ మాటల్లో తిప్పి చెప్పారు, అర్థమైందనే అనుకున్నారు. ఆ తర్వాత 1995లో కేథరిన్ బీలాజిక్, పీటర్ పిరోలి, ఆన్ బ్రౌన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నవారికి ఈ స్వీయ వివరణ పద్ధతిని ప్రత్యేకంగా నేర్పిస్తే, వారు ప్రోగ్రాములు రాయడంలో మెరుగుపడ్డారని చూపించారు. అంటే ఇది పుట్టుకతో వచ్చే గుణం కాదు, నేర్పితే వచ్చేదే.

వర్షపాతం ప్రోగ్రామ్‌ను ఇలా చదివితే ఎలా ఉంటుందో ఊహించండి. మొత్తం, రోజులు అనే రెండు వేరియబుల్స్‌ను ముందే సున్నా ఎందుకు చేశారు? చేయకపోతే సి భాషలో వాటిలో ఏ విలువ ఉంటుంది? సంఖ్యను చదివే లైను రెండుసార్లు, లూప్‌కు ముందు ఒకసారి, లూప్ చివర ఒకసారి ఎందుకు వచ్చింది? చివరిది తీసేస్తే ఏమవుతుంది? మొదట చదివిన 12 ఎప్పటికీ 99999 కాదు కాబట్టి లూప్ ఆగదు. రోజులు సున్నా కంటే ఎక్కువా అన్న ఇఫ్ ఎవరి కోసం ఉంది? కాగితం మీద మూడు గళ్లు గీసి, 12, 0, 18, 99999 ఇస్తే ప్రతి చుట్టులో ఏ గడిలో ఏ విలువ ఉంటుందో రాసి, ఆ తర్వాత మాత్రమే ప్రోగ్రామ్‌ను నడిపి పోల్చుకోవాలి. పన్నెండు లైన్ల ప్రోగ్రామ్‌ను ఇలా చదవడానికి అరగంట పట్టవచ్చు. ఆ అరగంటలో జరిగేదే చదువు. నిజం చెప్పాలంటే ఇది సొంతంగా రాయడం కంటే తక్కువ శ్రమ ఏమీ కాదు, శ్రమ పడే చోటు మాత్రమే వేరు.

రికార్డు రాయడంలో ఇది దేనికీ చోటు లేదు. సీనియర్ రికార్డు నుంచో, మాన్యువల్ నుంచో లక్ష్యం, ఆల్గోరిథమ్, ప్రోగ్రామ్, అవుట్‌పుట్ అన్నిటినీ వరుసగా దించేస్తారు. అవుట్‌పుట్ కూడా ఎదుట కాగితంలో ఉన్నదే. ప్రోగ్రామ్‌లోని సంఖ్యలు మారినా అవుట్‌పుట్ పాతదే మిగిలిపోయిన రికార్డులు కనిపించడం అరుదు కాదు. చెయ్యి కదులుతుంది కాబట్టి సాధనలా కనిపిస్తుంది, సరైన ప్రోగ్రామ్ ఎదుట ఉంది కాబట్టి ఉదాహరణ చదివినట్టు కనిపిస్తుంది. కానీ అందులో వెతుకులాటా లేదు, వివరణా లేదు. వీడియో చూస్తూ అధ్యాపకుడు టైప్ చేసినదాన్ని వెంట టైప్ చేయడం కూడా ఆగి ఆలోచించకపోతే ఇదే కోవలోకి వస్తుంది. అమీర్‌పేట శిక్షణ తరగతుల రన్నింగ్ నోట్స్ కూడా అంతే. ఆ నోట్స్‌తో ఇంటికి వెళ్లి ప్రతి లైన్‌ను ప్రశ్నించినవారికి అవి బంగారం, జిరాక్స్ తీసి దాచుకున్నవారికి కాగితాలు.

ఇక్కడ మన పిల్లలకు ప్రత్యేకించి వర్తించే మాట ఒకటి చెప్పాలి. తెలుగు మాధ్యమంలో పదో తరగతి దాకా చదివి ఇంజినీరింగ్‌కు వచ్చిన విద్యార్థి ప్రోగ్రామ్ అర్థం చేసుకోవడంతో పాటు ప్రశ్నలోని ఇంగ్లిష్ వాక్యాన్ని కూడా విడగొట్టుకోవాలి. ఉన్న నాలుగు గళ్లలో ఒకటి భాషకే పోతుంది. తనకు తాను వివరించుకునేటప్పుడు ఇంగ్లిష్‌లోనే వివరించుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. "ఇక్కడ లూప్ ఆగాలి, ఎందుకంటే ఆఖరి సంఖ్య వానది కాదు" అని తెలుగులో అనుకుంటే తర్కం ఏమీ తగ్గదు, భారం మాత్రం తగ్గుతుంది. తరగతిలో అధ్యాపకులు ఈ స్వేచ్ఛ ఇవ్వడానికి ఖర్చు ఏమీ కాదు. వైవాలో జవాబును తెలుగులో చెప్పనిస్తే ఎవరికి అర్థమైందో, ఎవరు బట్టీ పట్టారో కూడా త్వరగా తెలిసిపోతుంది.

రెంటి మధ్యా ఉన్న దారి

ఉదాహరణలన్నీ ఒకచోట చదివేసి, లెక్కలన్నీ చివర చేయడం కూడా మంచి పద్ధతి కాదు. గ్రెగరీ ట్రాఫ్టన్, బ్రయన్ రైజర్ 1993లో లిస్ప్ విద్యార్థుల మీద జరిపిన ప్రయోగంలో, ఒక్కో ఉదాహరణ చదివిన వెంటనే అలాంటి లెక్క ఒకటి చేసినవారు, ఉదాహరణల గుంపు చదివి ఆ తర్వాత లెక్కల గుంపు చేసినవారి కంటే మెరుగ్గా నేర్చుకున్నారు. చదివింది ఇంకా చేతికి అందుతున్నప్పుడే వాడి చూడాలి. మన పాఠ్యపుస్తకాల్లో అధ్యాయమంతా ఉదాహరణలు, చివర అభ్యాసం అన్న ఏర్పాటు ముద్రణకు అనుకూలమే గానీ చదువుకు అంత అనుకూలం కాదు.

ఉదాహరణ నుంచి సొంత ప్రోగ్రామ్‌కు ఒక్క గెంతులో వెళ్లనక్కరలేదు కూడా. నెదర్లాండ్స్‌కు చెందిన యెరూన్ వాన్ మెరియన్‌బోర్ 1990లో హైస్కూలు విద్యార్థుల మీద చేసిన పరిశోధనలో, సగం రాసి ఉన్న ప్రోగ్రాములను పూర్తి చేస్తూ నేర్చుకున్నవారు, మొదటి నుంచీ మొత్తం సొంతంగా రాస్తూ నేర్చుకున్నవారి కంటే తర్వాత కొత్త ప్రోగ్రాములు బాగా రాశారు. ఖాళీ నింపాలంటే చుట్టూ ఉన్న లైన్లను జాగ్రత్తగా చదవక తప్పదు, ఆ పద్ధతి బలం అక్కడే ఉంది. జర్మనీలో అలెగ్జాండర్ రెంకిల్, ఆయన సహచరులు ఉదాహరణలోని మెట్లను ఒక్కొక్కటిగా తొలగిస్తూ పోయే పద్ధతిని పరీక్షించారు. మొదటి ఉదాహరణ పూర్తిగా ఉంటుంది, రెండోదానిలో చివరి మెట్టు ఉండదు, మూడోదానిలో చివరి రెండు మెట్లు ఉండవు, అలా చివరికి లెక్క మాత్రమే మిగులుతుంది. న్యూజిలాండ్‌లోని ఒటాగో పాలిటెక్నిక్‌లో డేల్ పార్సన్స్, పాట్రీషియా హేడెన్ 2006లో మరో రూపాన్ని ప్రతిపాదించారు. సరైన లైన్లన్నీ ఇస్తారు, కానీ వరుస చెదరగొట్టి ఇస్తారు, విద్యార్థి వాటిని వరుసలో పేర్చాలి. సింటాక్స్ బాధ తప్పుతుంది, వరుస గురించిన ఆలోచన మాత్రం పూర్తిగా మిగులుతుంది. వర్షపాతం లెక్కలో విద్యార్థులు తడబడేది వరుస దగ్గరే కాబట్టి దానికి ఇది చక్కగా సరిపోతుంది. బార్బరా ఎరిక్సన్ బృందం 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఇలా లైన్లు పేర్చినవారు, ప్రోగ్రామ్ మొత్తం రాసినవారితో సమానంగానే నేర్చుకున్నారు, సమయం మాత్రం తక్కువ పట్టింది. నలుగురు విద్యార్థులకు ఒక కంప్యూటర్ ఉన్న చోట కాగితం ముక్కలతో కూడా చేయించగలిగే పని ఇది.

ఉదాహరణ ఎలా రాసి ఉందన్నదీ ముఖ్యమే. జార్జియా టెక్‌లో లారెన్ మార్గుల్యూ, మార్క్ గుజ్డియల్, రిచర్డ్ కాట్రంబోన్ 2012లో ఒక ప్రయోగం చేశారు. అందులో మెట్లను గుంపులుగా విడగొట్టి ప్రతి గుంపుకూ దాని ఉద్దేశం తెలిపే చిన్న పేరు పెట్టిన ఉదాహరణలు చదివినవారు, పేర్లు లేని అవే ఉదాహరణలు చదివినవారి కంటే బాగా చేశారు. మన వర్షపాతం ప్రోగ్రామ్‌లో "ప్రారంభ విలువలు", "ఆపాలా అని పరీక్ష", "కలుపుకోవడం", "తర్వాతి సంఖ్య", "సగటు" అన్న ఐదు పేర్లు కామెంట్లుగా ఉంటే, విద్యార్థి రేపు వర్షపాతం బదులు మార్కుల సగటు అడిగినా ఆ ఐదు పేర్లను పట్టుకుని వెళ్లగలుగుతాడు.

ఉదాహరణ అడ్డం వచ్చే వేళ

ఇక్కడితో ఆగితే ఉదాహరణల పక్షం గెలిచినట్టు అవుతుంది, కానీ కథ ఇక్కడ తిరుగుతుంది. స్లావా కల్యూగా, స్వెలర్, వారి సహచరులు 2001లో పారిశ్రామిక శిక్షణార్థుల మీద చేసిన అధ్యయనంలో, రిలే సర్క్యూట్లు కొత్తగా నేర్చుకుంటున్నప్పుడు చేసి చూపించిన ఉదాహరణలే మేలు చేశాయి. శిక్షణ సాగి అదే మనుషులకు అనుభవం వచ్చేసరికి ఆ లాభం కరిగిపోయి, చివరికి సొంతంగా సాధించడమే మెరుగైంది. తెలిసిన విషయాన్ని విడమరిచి చెప్పే వివరణను చదవడం కూడా బుర్రకు ఒక పనే, దానివల్ల కొత్తగా వచ్చేది ఏమీ లేదు. 2003 నాటికి ఇలాంటి ఫలితాలు చాలా పోగై, అనుభవంతో తారుమారయ్యే ఈ ప్రభావానికి ఒక పేరు కూడా స్థిరపడింది.

క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు సిద్ధమయ్యే మూడో సంవత్సరం, నాలుగో సంవత్సరం విద్యార్థులు ఈ రెండో దశలో ఇబ్బంది పడుతుంటారు. కోడ్‌చెఫ్, లీట్‌కోడ్, హ్యాకర్‌ర్యాంక్ లాంటి ప్రోగ్రామింగ్ సాధన వెబ్‌సైట్లలో ఒక ప్రాబ్లమ్ తెరిచి, పది నిమిషాలు చూసి, తట్టకపోతే ఎడిటోరియల్, అంటే అక్కడే ఉండే పరిష్కార వివరణ, తెరిచి చదివి, అర్థమైందనుకుని తర్వాతిదానికి వెళతారు. అర్రేలు, లూపులు, ఫంక్షన్లు బాగా వచ్చినవారికి ఇలాంటి చదువు అర్థమైందన్న భ్రమను పెంచడమే ఎక్కువ. అప్పటికి వారికి కావలసింది వెతుకులాటే. అదే ప్రాబ్లమ్‌ను, దానికి కావలసిన డైనమిక్ ప్రోగ్రామింగ్ లాంటి పద్ధతిని అసలు ఎరగని విద్యార్థి తెరిస్తే మాత్రం మూడు గంటలు తల బద్దలు కొట్టుకోవడం వల్ల ఫలితం ఉండదు, అతను ముందు రెండు మూడు ఉదాహరణలను పైన చెప్పినట్టు నిదానంగా చదవాలి. ఒకే వెబ్‌సైటులో ఒకే ప్రాబ్లమ్ ఎదుట కూర్చున్న ఇద్దరు స్నేహితులకు ఇవ్వాల్సిన సలహా ఇంత వేరుగా ఉంటుంది. పైగా ఒకే మనిషి అర్రేల్లో అనుభవజ్ఞుడై, రికర్షన్‌లో (ఫంక్షన్ తనను తానే పిలుచుకునే పద్ధతిలో) కొత్తవాడై ఉండవచ్చు.

ఈ చిత్రానికి ఎదురుగా నిలిచినట్టు కనిపించే పరిశోధన ఒకటి ఉంది. మను కపూర్ సింగపూర్ బడుల్లో గణితం మీద చేసిన ప్రయోగాల్లో, ముందు విద్యార్థులను ఇంకా నేర్పని లెక్కతో కుస్తీ పట్టనిచ్చి, ఆ తర్వాత పాఠం చెబితే, ముందే పాఠం విన్నవారికంటే భావన లోతుగా అర్థమైంది. వెతుకులాటతోనే బుర్ర నిండిపోతుందన్న స్వెలర్ సిద్ధాంతాన్ని ఇది కొట్టివేస్తుందని కొందరు వాదించారు. కానీ కపూర్ పద్ధతిలో విద్యార్థులను కుస్తీతో వదిలేయరు. వారు తయారుచేసిన తప్పు పరిష్కారాలను, సగం సరైన పరిష్కారాలను బోర్డు మీద పెట్టి, సరైనదానితో పోల్చి, ఏది ఎందుకు చాలదో చూపే పాఠం తర్వాత తప్పకుండా ఉంటుంది. ఆ లెక్కలు కూడా విద్యార్థులకు ఉన్న తెలివిడితో ఏదో ఒక ప్రయత్నమైనా చేయగలిగేలా ఎంచినవే. ప్రయత్నించడానికే ఆధారం లేనివారికి, తర్వాత వివరించే పాఠం లేనివారికి ఈ ఫలితాన్ని వర్తింపజేయడం సరికాదు. సాయంత్రం హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చున్న విద్యార్థికి ఆ రెండో సగం అందడం లేదు.

ఉదాహరణలు ఎన్నటికీ నేర్పలేనివి కూడా ఉన్నాయి. పుస్తకంలోని ప్రోగ్రామ్‌లో ఎర్రర్ ఉండదు, తప్పు దారులు ఉండవు, చెరిపేసిన ఆలోచనలు ఉండవు. గరిష్ఠ వర్షపాతం ఎంతో చెప్పే ప్రోగ్రామ్‌ను విద్యార్థి సొంతంగా రాసి, గరిష్ఠాన్ని సున్నాతో మొదలుపెట్టాడనుకుందాం. వానకు అది సరిపోతుంది, అందరికీ నచ్చుతుంది. అదే ప్రోగ్రామ్‌కు లద్దాఖ్‌లోని ద్రాస్‌లో జనవరి ఉష్ణోగ్రతలు ఇస్తే, అన్నీ సున్నాకు దిగువనే ఉన్నా గరిష్ఠం సున్నా అని జవాబు వస్తుంది. మొదటి విలువతోనే మొదలుపెట్టాలన్న నియమాన్ని ఉదాహరణలో చదివితే అది ఒక లైను. తన ప్రోగ్రామే తప్పు చెప్పినప్పుడు, ఎక్కడ తప్పిందో వెతుక్కుంటూ వెళ్లి ఆ లైను దగ్గర ఆగితే, అది ఇక మరిచిపోనిది. ఎర్రర్ మెసేజ్ చదవడం, తన కోడ్‌ను తానే అనుమానించడం, ఏ ఇన్‌పుట్‌తో పరీక్షించాలో ఊహించడం చేస్తేనే వస్తాయి.

అయినా ఏది ముందు అన్న ప్రశ్నకు రెండు అధ్యయనాలు గట్టి జవాబు ఇస్తున్నాయని నా నమ్మకం. మైకేల్ మెక్‌క్రాకెన్ నాయకత్వంలోని అంతర్జాతీయ బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రోగ్రామింగ్ తొలి కోర్సులు పూర్తి చేసిన విద్యార్థులు సొంతంగా ప్రోగ్రామ్ రాయాల్సిన పరీక్షలో 110కి సగటున 22.89 మార్కులే తెచ్చుకున్నారు. విద్యార్థులకు సమస్యను విడగొట్టే నేర్పు లేదని అప్పుడు చాలామంది నిర్ధారించారు. 2004లో రేమండ్ లిస్టర్, ఆయన సహచరులు ఏడు దేశాల విద్యార్థులకు రాయడం జోలికి పోకుండా, చిన్న కోడ్ ముక్కలు ఇచ్చి దీని అవుట్‌పుట్ ఏమిటి, ఈ ఖాళీలో ఏ లైను వస్తుంది అని మాత్రమే అడిగారు. అందులోనూ చాలామంది తడబడ్డారు. రాయలేకపోతున్నవారిలో ఎంతోమంది ఇంకా చదవడం దగ్గరే ఆగిపోయారన్నమాట. చదవలేని కోడ్‌ను రాయమని పదేపదే అడగడం వల్ల వారికి దక్కేది భయమే.

అడిగిన వెంటనే ప్రోగ్రామ్ రాసిచ్చే ఏఐ సాధనాలు ఇప్పుడు ప్రతి ఫోనులో ఉన్నాయి. చేసి చూపించిన ఉదాహరణ ఇంత చౌకగా ఎన్నడూ దొరకలేదు, దాన్ని చదవకుండా అతికించడమూ ఇంత తేలిక ఎన్నడూ కాలేదు. వాటిని నిషేధించడం కంటే, అది ఇచ్చిన ప్రోగ్రామ్‌లోంచి రెండు లైన్లు తీసేసి ఇమ్మనో, వరుస చెదరగొట్టి ఇమ్మనో అడగడం విద్యార్థికి నేర్పితే, పార్సన్స్, రెంకిల్ పద్ధతులు ఖర్చు లేకుండా గదిలోకి వస్తాయి.

ల్యాబ్‌లో మార్పు తేవడానికి సిలబస్ మారేదాకా ఆగనక్కరలేదు. మూడు గంటల ల్యాబ్‌లో మొదటి అరగంట కంప్యూటర్లు కట్టేసి, ఆ రోజు ప్రోగ్రామ్‌ను కాగితం మీద ఇచ్చి విలువల పట్టిక గీయించవచ్చు. తర్వాత నడిపి పోల్చుకోమనవచ్చు. అదే ప్రోగ్రామ్‌లో మూడు లైన్లు ఖాళీగా ఉన్న రూపాంతరం, ఆ తర్వాత వరుస చెదిరిన మరొకటి, చివరి గంటలో దాని బంధువైన కొత్త లెక్క ఒకటి సొంతంగా చేయడానికి ఇవ్వవచ్చు. ముందు పదిహేను నిమిషాల్లో పట్టికను తప్పు లేకుండా పూర్తిచేసినవారిని ఖాళీల దగ్గర కూర్చోబెట్టకుండా నేరుగా కొత్త లెక్కకే పంపాలి, వారికి ఉదాహరణ కాలం అయిపోయింది. రికార్డు తప్పదంటే, అందులో అవుట్‌పుట్ పేజీ బదులు ఆ పట్టికను, తాను మార్చి చూసిన లైన్‌ను, దాని ఫలితాన్ని రాయించాలి, సీనియర్ రికార్డు నుంచి దాన్ని దించడం కష్టం. ఇక వైవాలో లూప్ అంటే నిర్వచనం చెప్పమనే ప్రశ్న మానేసి, విద్యార్థి రాసిన ప్రోగ్రామ్‌లోనే ఒక లైన్‌ను ఒక మెట్టు పైకి జరిపి అవుట్‌పుట్ ఏమవుతుందో అడిగితే, ఒక్కొక్కరికి రెండు నిమిషాలకు మించి పట్టదు.